వెళ్ళేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు 17న్నర: ఎందుకట?

విమాన ప్రయాణాల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నది బెంగళూరు విద్యారణ్యపురలో ఉంటున్న ఒక రిటైర్డ్ ఫ్లైట్ డిస్పాచర్, అంటే విమానం బయల్దేరేముందు దారి, ఇంధనం లెక్కలు తేల్చే ఉద్యోగి. హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం రోజుల్లో ఉద్యోగంలో చేరి, విమానాశ్రయం దేవనహళ్ళికి మారాక రిటైరైన ఆవిడ.

ప్రశ్న: మేడమ్, మా అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వెళ్తున్నారు. అన్నయ్య శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర శాన్‌హోసేలో ఉంటాడు. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒకచోట 14,000 కిలోమీటర్లు అని ఉంది, ఇంకోచోట 16,000 అని. నాన్‌స్టాప్ విమానం వెళ్ళడానికి 16 గంటలు, రావడానికి 17న్నర అంటున్నారు. దారి ఒకటే కదా, ఈ తేడా ఏమిటి? నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. లెక్క తేలేదాకా పెట్టె సర్దనని కూర్చున్నారు.
(మారతహళ్ళి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మాస్టారికి నా నమస్కారాలు చెప్పమ్మా. లెక్క తేలకుండా కదలనన్న మనిషి నాకు వెంటనే నచ్చేశారు. డిస్పాచ్ గదిలో మేం చేసిన పనీ అదే, లెక్క తేలేదాకా విమానం కదలదు.

ముందు 14,000 సంగతి. భూగోళం మీద ఆ రెండు ఊళ్ళకూ మధ్య ఉన్న అతి దగ్గరి దారి అది. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు ఇస్తే మాస్టారు కాగితం మీదే తేల్చేస్తారు. భూమి కేంద్రం నుంచి చూస్తే ఆ రెండింటి మధ్య కోణం 126 డిగ్రీలకు వెంట్రుకవాసి తక్కువ. డిగ్రీకి 111 కిలోమీటర్ల పైచిలుకు. గుణిస్తే 14,000కి పది కిలోమీటర్లు అటూ ఇటూగా వస్తుంది.

త్రికోణమితి వద్దనుకునేవాళ్ళు అవెన్యూ రోడ్డులో పిల్లల గ్లోబు ఒకటి కొనుక్కుని, పూలు కట్టే దారం తీసుకుని ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం తూర్పుకీ పోదు, పడమటికీ పోదు. నేరుగా ఉత్తరానికి, రవ్వంత తూర్పుకు ఒరిగి పోతుంది. దేవనహళ్ళిలో మొదలై కదిరి పక్కగా వెళ్ళి, శ్రీశైలానికి పది కిలోమీటర్ల దూరంలో కృష్ణ దాటి, మంథని దగ్గర గోదావరి దాటి, నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరాల వైపు సాగుతుంది. ఆపైన టిబెట్, పడమటి మంగోలియా, సైబీరియా. దాదాపు 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి ఆర్కిటిక్ సముద్రం అంచు తాకి, అలాస్కా మీదుగా దిగి, కెనడా పడమటి తీరం పక్కన సముద్రం మీదుగా కాలిఫోర్నియా చేరుతుంది. అమెరికా దారి శ్రీశైలం పక్కనుంచి పోతుందని చెబితే నా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. గోడకు వేలాడే పటం చూసి పెరిగాం కదా, అందులో ధ్రువాల దగ్గరి ప్రాంతాలన్నీ సాగదీసి ఉంటాయి, దగ్గరి దారి దూరంగా కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ దారం మీద విమానం వెళ్ళదు.

మొదటి అడ్డంకి టిబెట్. విమానం 10, 12 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది, ఎవరెస్టు 8,849 మీటర్లు, తగలదు కదా అంటారు. తగలడం కాదు సమస్య. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ గబగబా 10,000 అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. మీ తల మీద వేలాడే మాస్కులో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకు మించి రాదు. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటే ఎక్కడికి దిగుతారు? అందుకని ఎక్కువ విమానాలు ఆ పీఠభూమిని చుట్టి పోతాయి.

రెండోది సరిహద్దులు. ఆకాశానికి హద్దులు లేవని పాటల్లో చెప్పుకోవచ్చు గానీ డిస్పాచ్ గదిలో కుదరదు. 2022లో రష్యా తన గగనతలాన్ని యూరప్ విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమాన సంస్థలకు దారి మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగి వెళ్ళాల్సి వచ్చింది. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, గంటలు మాత్రం పెరిగాయి.

మూడోది, మీ ప్రశ్నకు అసలు జవాబు, గాలి. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో, ముఖ్యంగా జపాన్ చుట్టుపక్కల, గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. విమానం వేగం గాలితో పోల్చి గంటకు 900. గాలి వెనక నుంచి తోస్తే నేల మీద లెక్కకి అది 1,000, 1,100 అవుతుంది. ఎదురొస్తే 800కి పడిపోతుంది.

ప్రపంచం మొత్తానికీ పైగాలుల అంచనాలు ఇచ్చే కేంద్రాలు రెండే, ఒకటి లండన్, ఒకటి వాషింగ్టన్. ఆ అంచనాలు పెట్టుకుని కంప్యూటర్ ఏ రోజుకారోజు దారి వెతుకుతుంది. మా ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద గాలిని ఒక అక్షరం, ఒక అంకెతో చూపించేవాళ్ళు. తోడు గాలి అయితే పి, ఎదురుగాలి అయితే ఎం, పక్కన సగటు వేగం నాట్లలో, అంటే విమానాల వేగం కొలిచే లెక్కలో. వందలకొద్దీ అంకెలున్న ఆ కాగితంలో ముందు నా కళ్ళు వెతికేది ఆ అక్షరం కోసమే. పి కనిపిస్తే టీ తెప్పించుకునేదాన్ని. ఎం పక్కన పెద్ద అంకె కనిపిస్తే టీ సంగతి మరిచిపోయి ఇంధనం లెక్కలోకి దిగేదాన్ని. ప్రయాణానికి ఎంత, అనుకోనిదానికి ఎంత, దిగాల్సిన చోట దిగలేకపోతే పక్క ఊరికి ఎంత, అక్కడ కూడా ఆలస్యమైతే గాలిలో తిరగడానికి 30 నిమిషాలకు ఎంత. ఇంత దూరానికి అన్నీ కలిపితే వంద టన్నులు దాటుతుంది. పైగా మన దేవనహళ్ళి సముద్రమట్టానికి 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం గాలి పల్చనై నిండు బరువుతో లేవడం కష్టం. శాన్‌ఫ్రాన్సిస్కోలో రన్‌వే సముద్రం ఒడ్డునే, ఆ బాధ లేదు.

మాస్టారికి ఒక లెక్క ఇస్తాను. అర్థం కావడానికి వేసిన అంకెలే ఇవి, ఫలానా రోజు ప్లాన్ కాదు. వెళ్ళేటప్పుడు జపాన్ వైపు నుంచి పసిఫిక్ మీదుగా చుట్టి వెళ్తే 15,000 కిలోమీటర్లు అనుకుందాం. తోడు గాలి సగటున 80 కలిస్తే వేగం 980. భాగిస్తే 15 గంటల 18 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు అదే దారిలో వస్తే అదే గాలి ఎదురు తగులుతుంది కాబట్టి విమానం ఉత్తరంగా, ధ్రువం వైపు తప్పుకుంటుంది. ఆ దారి 14,500 అనుకుని, ఎదురుగాలి 30 తీసేస్తే వేగం 870. భాగిస్తే 16 గంటల 40 నిమిషాలు. చూశారా, దూరం తక్కువైనా సమయం ఎక్కువైంది. రెండింటికీ ఇంకో 40 నిమిషాలు కలపండి. ఎందుకంటే టికెట్‌లో రాసే సమయం విమానం గేటు దగ్గర కదలడం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, దిగేముందు వరుసలో తిరగడం అన్నీ అందులోకే వస్తాయి. అలా 16, 17న్నర దగ్గరికి చేరతాం.

ఇక 16,000 ఎక్కడిదంటే, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ళ మధ్య మొదటి నాన్‌స్టాప్ నడిపినప్పుడు పత్రికల్లో వచ్చిన అంకె అది. అతి దగ్గరి దారి కాదు, ఆ విమానం ఎగిరిన దారి. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతోపాటు పాపగారి తన్మయి, ఇంకో ఇద్దరు. ఆ వార్త చదివిన రోజు ఇంట్లో పాయసం చేశాను, కారణం అడిగితే చెప్పలేదు.

కాబట్టి మాస్టారూ, 14,000 తప్పు కాదు, 16,000 కూడా తప్పు కాదు. ఇక పెట్టె సర్దండి. అన్నట్టు ఇంత పొడుగు సర్వీసులు సీజన్‌ని బట్టి మారుతుంటాయి, ఆపేస్తుంటారు కూడా. మీరు వెళ్ళే తేదీకి నాన్‌స్టాప్ ఉందో లేదో బుక్ చేసే రోజే చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కోకి దుబాయ్ మీదుగా టికెట్ తీస్తానంటున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే దగ్గరని మా బావమరిది. టోక్యో అయితే మరీ చుట్టు కదా? మేముండేది హిందూపురంలో. ఏది మేలు?
(ఒక పాఠకుడు)

జవాబు: మీ బావమరిదిగారితో పందెం కాయకపోతే ఇప్పుడు కాయండి. శాన్‌ఫ్రాన్సిస్కోకి దుబాయ్ మీదుగా రెండు అంచెలూ కలిపితే సుమారు 15,700 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 16,550. అన్నిటికన్నా చుట్టు అనుకున్న టోక్యో మీదుగా 14,950. పైన చెప్పిన దారం మంత్రమే ఇది.

అయితే వెయ్యి కిలోమీటర్లంటే విమానానికి గంట పైన కొన్ని నిమిషాలే. మీ ప్రయాణం 20 గంటలవుతుందా 30 అవుతుందా అన్నది మధ్యలో ఎంతసేపు కూర్చోబెడతారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. గంటన్నర కనెక్షన్ తీసుకోవద్దు. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే పెద్దవయసులో టెర్మినల్‌లో పరుగెత్తాలి. తొమ్మిది గంటల కూర్చోడమూ వద్దు. మూడు, నాలుగు గంటలు చక్కగా సరిపోతుంది. రెండు అంచెలూ ఒకే టికెట్ మీద ఉండాలి, విడివిడిగా చవగ్గా దొరికాయని కొంటే మొదటిది లేటైనప్పుడు రెండోవాడికి మీతో సంబంధం లేదు. మధ్య దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో డబ్బు కట్టకముందే చూసుకోండి.

హిందూపురం వాళ్ళకు ఒక అదృష్టముంది. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా బెంగళూరు ఊళ్ళోకి రాకుండానే ఎయిర్‌పోర్టు చేరతారు. అనంతపురం వాళ్ళూ అంతే, హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే ఊరికి ముందే దేవనహళ్ళి వస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న మీ చుట్టాలు హెబ్బాళ దాటేసరికి మీరు టిఫిన్ చేసి సెక్యూరిటీ వరుసలో ఉంటారు.

ప్రశ్న: మా అత్తయ్యగారు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. శనివారం మధ్యాహ్నం 2కి బెంగళూరులో ఎక్కితే శనివారం సాయంత్రం నాలుగున్నరకే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతామట. తిరిగొచ్చేటప్పుడు శుక్రవారం రాత్రి 9కి ఎక్కితే ఆదివారం తెల్లవారుజామున 4కి ఇక్కడ. మధ్యలో శనివారం ఏమైపోయింది అని ఆవిడ టెన్షన్.
(కె.ఆర్.పురం నుంచి ఒక కోడలు)

జవాబు: ఇన్నేళ్ళలో నాకు వచ్చిన ప్రశ్నల్లో ఇంత మంచిది తక్కువ. అత్తయ్యగారికి కంగారు పడొద్దని చెప్పండి, శనివారం ఎక్కడికీ పోలేదు, అటు ఎక్కువిచ్చి ఇటు వసూలు చేసుకున్నారంతే.

రెండు గడియారాలు చూస్తే బుర్ర తిరుగుతుంది. ఒక్క మన గడియారమే పట్టుకోండి. శనివారం మధ్యాహ్నం 2కి 16 గంటలు కలిపితే ఇక్కడ ఆదివారం ఉదయం 6. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా 13న్నర గంటలు వెనక. తీసేస్తే అక్కడ శనివారం సాయంత్రం నాలుగున్నర. అంటే ఆవిడకు ఆ శనివారం 24 గంటలు కాదు, 37న్నర గంటలు. తిరుగు ప్రయాణంలో శుక్రవారం రాత్రి 9 అంటే మనకు అప్పటికే శనివారం ఉదయం పదిన్నర. దానికి 17న్నర కలిపితే ఆదివారం తెల్లవారుజామున 4. శనివారం అంతా సీటు బెల్టు కట్టుకునే గడిచిపోతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా 12న్నరే. టికెట్ మీద సమయాలు గంట మారితే విమానం వేగం మారిందనుకోకండి.

ఒక్కపొద్దు సంగతి కొంచెం చిక్కు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రితో కాదు. పసిఫిక్ మీదుగా తూర్పుకు వెళ్తుంటే సూర్యుడికి ఎదురెళ్తాం, రాత్రి చిన్నదై సూర్యోదయం తొందరగా వస్తుంది. తిరిగొచ్చే విమానం డిసెంబరులో ధ్రువం వైపు నుంచి వస్తే మరీ విచిత్రం. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు అసలు ఉదయించడు. జూన్‌లో అయితే అస్తమించడు. సూర్యోదయమే లేని చోట వారం ఎప్పుడు మారిందో చెప్పడం డిస్పాచరు పని కాదు, మీ ఇంటి పురోహితులనే అడగండి. అమెరికా ఊళ్ళకు అక్కడి సూర్యోదయంతో లెక్క కట్టిన తెలుగు పంచాంగాలు ఉన్నాయి, దిగాక వాటిని చూసుకోవచ్చు. విమానంలో మాత్రం నా సలహా ఇది: ఒకటి రెండు రోజుల ముందే ఫోన్ చేసి పళ్ళ ప్లేటుగానీ, ఉల్లి వెల్లుల్లి లేని జైన్ భోజనంగానీ రాయించండి. ఎక్కాక అడిగితే ఇవ్వరు, ఇవ్వలేరు. మాత్రలు వేసుకునేవారైతే, ముఖ్యంగా షుగర్ ఉంటే, ఈ గంటల పట్టిక రాసి డాక్టరుకు చూపించి ఎప్పుడేది వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. గోడ గడియారాన్ని నమ్మొద్దు.

ప్రశ్న: విమానం 35 నిమిషాలు ముందే దిగిందని ఫోన్‌లో చూపించింది, మావాళ్ళు బయటికొచ్చేసరికి రెండు గంటలైంది. ఏం మోసం ఇది?
(వైట్‌ఫీల్డ్ నుంచి)

జవాబు: మోసం కాదు. టికెట్‌లో సమయం కాస్త వదులుగానే రాస్తారు, గాలి అనుకూలిస్తే ముందే దిగుతుంది. దిగినంత మాత్రాన గేటు ఖాళీగా ఉండాలని లేదు. తర్వాత ఇమిగ్రేషన్ వరుస, బ్యాగుల బెల్టు, ఆవకాయ సీసా గురించి కస్టమ్స్ వాళ్ళ ప్రశ్నలు. ఊరగాయలు పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో నూనె ఊట సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. నడవలేని పెద్దవాళ్ళకు వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే రాయించండి. తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు దిగే సమయానికి కాదు, దిగిన గంటకు ఇంట్లో బయల్దేరితే చాలు, శాన్‌హోసే నుంచి అయినా సరే.

ప్రశ్న: ఆంటీ, నేను ఏడో క్లాసు. ప్రపంచంలో అన్నిటికన్నా దూరం వెళ్ళే విమానం ఏది? ఇంకా దూరం వెళ్ళొచ్చా?
(రామమూర్తినగర్ నుంచి)

జవాబు: ఇప్పటికి సింగపూర్ నుంచి న్యూయార్క్, సుమారు 15,300 కిలోమీటర్లు, దాదాపు 19 గంటలు. సిడ్నీ నుంచి లండన్ దాకా ఎక్కడా ఆగకుండా, అంటే 17,000 కిలోమీటర్లు, నడపాలని క్వాంటాస్ సంస్థ 2022లోనే విమానాలు ఆర్డరిచ్చింది. ఇంకెంత దూరం అంటావా? భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. కాబట్టి ఏ రెండు ఊళ్ళ మధ్య అయినా దగ్గరి దారి 20,000 దాటదు. మన బెంగళూరుకు సరిగ్గా ఆ 20,000 దూరంలో ఏముందో గ్లోబులో వెతుకు. పెరూ తీరానికి రెండు వేల కిలోమీటర్లకు పైగా పడమట, నడి పసిఫిక్. అక్కడికి టికెట్ ఎవరూ అమ్మరు, దిగడానికి రన్‌వే లేదు.